ఆదివారం పదకొండు గంటలకు పదిమంది స్నేహితులు: ఇంట్లో బ్రంచ్ ఎలా చేయాలి

స్నేహితులను ఇంటికి బ్రంచ్‌కు, అంటే పొద్దుటి టిఫిన్, మధ్యాహ్న భోజనం కలిసిన విందుకు, పిలవడానికి ఆదివారం పదిన్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఉన్న సమయాన్ని మించింది లేదు. రాత్రి భోజనానికి పిలిస్తే సగంమంది ట్రాఫిక్‌లో చిక్కుకుని తొమ్మిదికి వస్తారు. అందరూ తినేసరికి పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది, పెద్దలకు మర్నాటి ఆఫీసు గుర్తొస్తుంది. పొద్దున అయితే వచ్చినవాళ్లు నిద్ర తీరి, తలస్నానం చేసి, తీరికగా వస్తారు. రెండు గంటలకు ఇళ్లకు వెళ్లినా వాళ్లకు ఇంకా సగం ఆదివారం మిగిలే ఉంటుంది.

అయితే మన టిఫిన్లలో చాలావరకు పొయ్యి మీద నుంచి నేరుగా కంచంలోకి రావాల్సినవే. అందుకే పిలిచిన మనిషి, మన ఇళ్లలో ఎక్కువగా ఇల్లాలు, వచ్చినవాళ్లు తిన్నంతసేపూ పెనం ముందే నిలబడి ఉంటుంది. అందరూ చెప్పులు వేసుకునే వేళకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి పలకరిస్తుంది. దాన్ని విందు అనడానికి నాకు మనసొప్పదు. పిలిచినవాళ్లు కూడా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని వేడివేడిగా తినాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ అందుకోసమే.

పిలుపు

ఎనిమిది నుంచి పదిమంది అయితే బాగుంటుంది. ఆరుగురు లోపు ఉంటే ఇంత ప్రణాళిక అక్కర్లేదు. పన్నెండు దాటితే వంటలే మార్చుకోవాలి, ఆ సంగతి తర్వాత చెబుతాను. బుధవారం నాటికి ఫోను చేయండి, లేదా సందేశం పంపండి. పెళ్లి ముహూర్తాలు ఎక్కువగా ఉన్న నెలల్లో ఇంకో వారం ముందే అడగాలి.

పిలిచేటప్పుడు వేళలు స్పష్టంగా చెప్పండి: పదిన్నరకు కాఫీ, పదకొండుకు టిఫిన్, ఒంటిగంటకు పులిహోర, దద్దోజనం. ఇలా చెబితే ఎవరి కడుపును వాళ్లు సిద్ధం చేసుకుంటారు. లేకపోతే ఇంట్లో నాలుగు ఇడ్లీలు తిని వచ్చేవారు కొందరు, రాత్రి భోజనం తర్వాత ఏమీ ముట్టకుండా వచ్చేవారు కొందరు. చక్కెర జబ్బుకు మందులు వాడేవారు పదకొండు దాకా పస్తు ఉండకూడదు. వాళ్లకు విడిగా ఫోను చేసి, ఎనిమిదికి మామూలుగా ఏదో ఒకటి తిని రమ్మని చెప్పండి. అది మర్యాద కంటే ముందు బాధ్యత.

ఎవరికి ఏమి పడదో అడగడం మరచిపోవద్దు. పల్లీలు పడనివారు ఉంటే పులిహోర పోపులో పల్లీలు మానేసి జీడిపప్పు వేయాలి. అయితే పల్లీలు పడని కొందరికి జీడిపప్పు కూడా పడదు కాబట్టి ఆ మాట కూడా అడగండి, అనుమానమైతే రెండూ మానేయండి, శనగపప్పు, మినప్పప్పు చాలు. కార్తికమాసంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టనివారు ఉంటారు, వారికి ఉల్లి లేని అట్లు ముందుగా వేసి పెట్టవచ్చు. చిన్నపిల్లలు ఎందరో, నేల మీద కూర్చోలేని పెద్దలు ఎందరో కూడా ఇప్పుడే తెలుసుకోండి.

ఏమి వండాలి

పొయ్యి మీద నుంచి నేరుగా కంచంలోకి రావాల్సిన వంటకం ఒక్కటే ఉండాలి. మిగిలినవన్నీ చల్లారినా రుచి చెడనివి, వీలైతే ఊరిన కొద్దీ రుచి పెరిగేవి అయి ఉండాలి. మన వంటల్లో అలాంటివాటికి కొదవ లేదు. పులిహోర కలిపిన రెండు మూడు గంటలకు గానీ దారికి రాదు. దద్దోజనం చల్లారితేనే దద్దోజనం. అల్లం పచ్చడి మూడో రోజు మొదటి రోజు కంటే బాగుంటుంది.

నేను సూచించే జాబితా ఇది: ఉప్మా పెసరట్టు, దానికి అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి, పులిహోర, దద్దోజనం, కోసిన పండ్లు, కొన్న మిఠాయి ఒకటి, ఫిల్టరు కాఫీ. ఇది చాలు. పూరీ, వడ, బజ్జీ కూడా ఉంటే బాగుంటుందని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు. నూనె మూకుడు పొయ్యి ఎక్కిందంటే ఒక మనిషి వంటింటికి అంకితమైనట్టే.

మిఠాయి ఇంట్లో చేయాలన్న పట్టుదల ఈ ఒక్క రోజుకు పక్కన పెట్టండి. కొన్నదైతే పూతరేకులు తెప్పించడం తేలిక. చెంచా, గిన్నె అవసరం లేకుండా చేత్తో తినేయవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తడి గాలి తగిలితే రేకు మెత్తబడిపోతుంది కనుక వడ్డించే దాకా డబ్బా మూత తీయకండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అయితే మిఠాయి కూడా అక్కర్లేదు, బంగినపల్లి మామిడిపండ్లు కోసి పెడితే అంతకు మించినది ఉండదు. రసాలు మాత్రం వద్దు. మోచేతుల దాకా కారే ఆ సంబరం ఇంట్లోవాళ్ల మధ్యే బాగుంటుంది, మంచి బట్టలు కట్టుకుని వచ్చినవారికి ఇబ్బంది.

రాయలసీమ స్నేహితులు ఎక్కువగా ఉంటే పెసరట్టు బదులు ఉగ్గాని చేయవచ్చు. బొరుగులు ముందే నానబెడితే ముద్దవుతాయి కాబట్టి తరిగినవన్నీ సిద్ధంగా ఉంచుకుని, అందరూ వచ్చాక పది నిమిషాల్లో కలిపేయవచ్చు. దానికి మిరపకాయ బజ్జీ ఉండి తీరాలంటారు, అదీ న్యాయమే. అప్పుడు ఆ బజ్జీయే మీ ఒక్క వేడి వంటకం.

పెనం లెక్క

పెసరట్టు ఒక పెనం మీద కాలడానికి మూడు నిమిషాలు పడుతుంది. పదిమందికి మనిషికి రెండు చొప్పున ఇరవై అట్లు. ఒక్క పెనమైతే గంట. మొదట తిన్నవారికి మళ్లీ ఆకలి వేసే దాకా చివరివారు ఎదురుచూడాలి. రెండు పెనాలైతే అరగంట, అది ఎవరికీ బరువు కాదు. అందుకని పక్కింటి పెనం అయినా సరే శనివారమే తెచ్చి పెట్టుకోండి.

వీలైతే ఒక పెనాన్ని వంటింట్లో కాక అందరూ కూర్చునే గదిలోనే ఇండక్షన్ పొయ్యి మీద పెట్టండి. అడుగు చదునుగా, అయస్కాంతం అతుక్కునే లోహంతో ఉన్న పెనం అయితేనే దాని మీద వేడెక్కుతుంది. ఇనుపదైనా నడుమ గుంట ఉంటే కుదరదు. అట్టు వేసే మనిషి మాటల మధ్యలో ఉంటారు, అట్టు కాలుతున్న వాసన గదంతా పాకుతుంది, పిల్లలు చుట్టూ చేరతారు. పిల్లలను తీగకూ పెనానికీ దూరంగా కూర్చోబెట్టడం ఒక్కటే జాగ్రత్త.

పన్నెండుమంది దాటితే అట్టు మానేసి ఇడ్లీకి మారండి. నాలుగు రేకుల ఇడ్లీ పాత్రలో ఒక్క వాయికి పదహారు వస్తాయి, పది పన్నెండు నిమిషాల్లో ఉడుకుతాయి, పొయ్యి పక్కన ఎవరూ నిలబడనక్కర్లేదు. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ వేస్తే ముప్పై ఇడ్లీల వరకు వస్తాయి. ఎండాకాలం ఆరేడు గంటల్లో పిండి పులుస్తుంది, చలికాలం పన్నెండు గంటలు కూడా పట్టవచ్చు. అమెరికాలో చలి ఊళ్లలో ఉన్నవారు ఓవెన్‌ను వేడి చేయకుండా, లోపలి దీపం మాత్రం వెలిగించి పిండి గిన్నెను అందులో ఉంచుతారు. ఆ కొద్ది వెచ్చదనమే సరిపోతుంది.

శుక్ర, శని వారాలు

శుక్రవారం అల్లం పచ్చడి చేసేయండి. వంద గ్రాముల అల్లం, అంతే చింతపండు, నూట యాభై గ్రాముల బెల్లం, పదిహేను ఎండుమిరపకాయలు, తగినంత ఉప్పు. అల్లాన్ని చెక్కు తీసి, తడి లేకుండా తుడిచి, చిన్న ముక్కలు చేసి నూనెలో పచ్చివాసన పోయే దాకా వేయించాలి. చింతపండును కాగిన నీళ్లలో కొద్దిసేపు నానబెట్టి ఆ కొద్ది నీళ్లతోనే రుబ్బాలి. మళ్లీ పచ్చినీళ్లు పోయకపోతే ఫ్రిజ్‌లో రెండు వారాలు నిలుస్తుంది. కారం, పులుపు, తీపి మూడూ సమంగా తగలాలి. రుబ్బిన వెంటనే కారం ఎక్కువనిపిస్తే కంగారు పడి బెల్లం పోయకండి, ఆదివారానికి అదే సర్దుకుంటుంది.

శనివారం సాయంత్రం పులిహోర పులుసు. అరకిలో బియ్యానికి పెద్ద నిమ్మకాయంత చింతపండు ఉండలు రెండు. గుజ్జు తీసి, పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిరపకాయలు, చిటికెడు బెల్లం వేసి, నూనె పైకి తేలే దాకా ఉడికించాలి. ఇక్కడ తొందరపడితే మర్నాడు పులిహోరలో పచ్చి పులుపు తగులుతుంది.

పడుకునే ముందు మూడు గ్లాసుల పెసలు కడిగి నానబోయండి, గ్లాసుకు ఒక గుప్పెడు బియ్యం చొప్పున కలపండి. ఆ బియ్యం వల్లే అట్టు అంచు కరకరలాడుతుంది. పెసరపిండిని పులియబెట్టే పని లేదు, పులిస్తే రుచి పోతుంది. పండ్లు కడిగి ఆరబెట్టడం, కంచాలు, గ్లాసులు, గరిటెలు లెక్కచూసుకోవడం, కుర్చీలు సర్దడం కూడా ఈ రాత్రే ముగించండి. ఆదివారం ఉదయాన్ని వంటకు మాత్రమే మిగల్చండి.

ఆదివారం ఉదయం

ఏడున్నరకు రెండు అన్నాలు పొయ్యి ఎక్కాలి: పులిహోరకు పలుకుగా, దద్దోజనానికి మెత్తగా. పులిహోర అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరచి, వేడి మీదే నువ్వులనూనె రెండు చెంచాలు, పసుపు, పచ్చి కరివేపాకు రెబ్బలు వేసి కాసేపు వదిలేయండి. ఆ వేడికి కరివేపాకు వాసన అన్నానికి పడుతుంది. అన్నం చల్లారాక పులుసు, పోపు కలపండి. ఆవపిండి ఇష్టమైతే అన్నం పూర్తిగా ఆరాకే వేయండి, వేడి మీద వేస్తే చేదెక్కుతుంది.

దద్దోజనం అన్నాన్ని వేడిగా ఉన్నప్పుడే గరిటెతో మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, రెండు చెంచాల పెరుగు కలిపి మూత పెట్టండి. ఒంటిగంటకు కమ్మగా తోడుకుని ఉంటుంది. మొదటే పెరుగు దండిగా పోస్తే, ముఖ్యంగా ఎండాకాలంలో, వడ్డించే వేళకు పులిసిపోతుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు, పైన దానిమ్మ గింజలు వడ్డించే ముందు.

ఎనిమిదిన్నరకు డికాక్షన్ వేయాలి. పదిమందికి రెండేసి కప్పులంటే రెండు లీటర్ల పాలు, వంద గ్రాముల కాఫీ పొడి. ఇంట్లో ఫిల్టరు చిన్నదైతే రెండుసార్లు వేయండి. పొడిని మరీ గట్టిగా అదమకూడదు, నీళ్లు దిగవు. వదులుగా వదిలేస్తే నీళ్లు పరుగెత్తి పలుచని డికాక్షన్ వస్తుంది. నీళ్లు తెర్లి, దించిన నిమిషానికి పోయండి. చికోరీ కలిసిన పొడి చిక్కని డికాక్షన్ ఇస్తుంది, పాలు ఎక్కువ పోసినా నిలుస్తుంది. అరకు లోయ అరబికా వంటి చికోరీ లేని పొడి వాడితే పాలు తగ్గించండి, లేకపోతే ఆ పరిమళం పాలలో మునిగిపోతుంది. డికాక్షన్‌ను నేరుగా పొయ్యి మీద కాచకండి. వేడి నీళ్ల గిన్నెలో ఆ గిన్నెను ఉంచితే వెచ్చబడుతుంది.

తొమ్మిదికి పెసలు రుబ్బండి: అల్లం ముక్క, నాలుగు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పుతో. గట్టిగా రుబ్బి పెట్టుకుని, వేసే ముందు నీళ్లు కలుపుకోవాలి. ఉల్లిపాయలు ఎంత సన్నగా తరగగలిగితే అంత సన్నగా తరగండి, ముక్క పెద్దదైతే అట్టు చిరుగుతుంది. తొమ్మిదిన్నరకు కొబ్బరి పచ్చడి. పదిన్నర కల్లా మీరు స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ముందుగదిలో ఉండాలి. ఇది కూడా ప్రణాళికలో భాగమే.

ఉప్మా మాత్రం అందరూ వచ్చి కాఫీ తాగుతుండగా వండండి, పావుగంట పని. రెండు గ్లాసుల బొంబాయి రవ్వకు ఆరు గ్లాసుల నీళ్లు. అట్టులోకి వెళ్లే ఉప్మా కొంచెం జారుగా ఉండాలి, ఎందుకంటే గిన్నెలో ఉన్నకొద్దీ గట్టిపడుతుంది. రవ్వను ముందే వేయించి ఉంచుకుంటే ఈ పని స్నేహితుల్లో ఎవరికైనా అప్పగించవచ్చు.

పెసరట్టు వేయడం

పెనం మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లితే అవి చిందులు తొక్కి ఎగిరిపోవాలి. అప్పుడు సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతా రుద్దండి. మంట తగ్గించి, గరిటెడు పిండి నడుమ పోసి, గరిటె అడుగుతో లోపలి నుంచి బయటికి వలయాలుగా తిప్పుతూ పలుచగా జరపండి. పెనం మరీ వేడిగా ఉంటే పిండి గరిటెకు చుట్టుకుని పైకి లేచిపోతుంది, పిండిలో లోపం లేదు. పైన ఉల్లిపాయలు, తరిగిన పచ్చిమిర్చి, కొద్దిగా జీలకర్ర చల్లి అట్లకాడతో మెల్లగా అదమండి. అంచు వెంట చెంచా నూనె వదిలి మంట పెంచండి. ఒక నిమిషానికి అంచులు ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు తిరిగి, తమంతట తామే పెనాన్ని వదులుతాయి. పలుచని అట్టును తిరగేయనక్కర్లేదు. నడుమ గరిటెడు ఉప్మా పెట్టి, రెండు వైపులా మడిచి కంచంలోకి జార్చండి.

తర్వాతి అట్టుకు ముందు పెనం మీద నీళ్లు చిలకరించి, గుడ్డతో తుడిచి, వేడి తగ్గించాలి. ఈ ఒక్క పని మానేసినందుకే మూడో అట్టు నుంచి మాడడం మొదలవుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఇరవై అట్లూ ఒక్కరే వేయకూడదు. మొదటి ఐదు మీరు వేసి, గరిటె పక్కవారికి ఇవ్వండి. నలుగురు ఐదేసి చొప్పున వేస్తే ఎవరికీ పావుగంట మించదు. మగవాళ్లకూ ఇవ్వండి, కాలేజీ పిల్లలకూ ఇవ్వండి. ‘ఎవరైనా వస్తారా’ అని గదంతటినీ అడిగితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ‘అన్నయ్యా, ఈ ఐదూ మీవి’ అని పేరుపెట్టి, చేతికి అట్లకాడ ఇవ్వండి. స్నేహితుల ఇంట్లో పని అందుకున్న మనిషి అతిథిలా బిగుసుకుని కూర్చోడు, ఆ తర్వాత మంచినీళ్ల కోసం మిమ్మల్ని అడగకుండా తనే వెళ్లి తెచ్చుకుంటాడు.

కూర్చోవడం, వడ్డించడం

వంటింట్లోకి, వంటింట్లోంచి జనం తిరగకుండా పచ్చళ్లు, నీళ్లు, మిఠాయి అన్నీ ఒక బల్ల మీద ఉంచండి. పచ్చడికి ఒక పెద్ద గిన్నె బదులు రెండు మూడు చిన్న గిన్నెలు వేర్వేరు చోట్ల పెడితే చేతులు చాచుకునే పని ఉండదు. కాగితం పళ్లెం కొబ్బరి పచ్చడికి మెత్తబడిపోతుంది, స్టీలు కంచాలే మేలు. పులిహోరకు అరిటాకు ముక్కలు దొరికితే ఇంకా మంచిది. నేల మీద చాపలు, గోడ వారగా కుర్చీలు రెండూ ఉంచండి. మోకాళ్ల నొప్పులున్నవారు అడగడానికి మొహమాటపడతారు కాబట్టి వారిని ముందే కుర్చీ దగ్గరికి తీసుకువెళ్లండి. పిల్లలకు పైన పచ్చిమిర్చి వేయని చిన్న అట్లు మొదటి వాయిలోనే వేసి ఇచ్చేస్తే ఆ తర్వాత గంటసేపు పెద్దలకు ప్రశాంతత.

పన్నెండుకు టిఫిన్ ముగుస్తుంది. ఒంటిగంట దాకా ఏమీ వడ్డించకండి. ఈ గంట కోసమే ఇంత ఏర్పాటు. ఎవరో పాత కాలేజీ సంగతి ఎత్తుతారు, ఇద్దరు అష్టాచెమ్మా గీస్తారు, ఒకరు సోఫాలో కునుకు తీస్తారు. దాన్ని నింపడానికి ఆటలు, పోటీలు పెట్టాల్సిన పని లేదు. మీరు కూడా గిన్నెలు కడగడం మొదలుపెట్టకుండా కూర్చోండి. కంచాలు ఒక టబ్బులో నీళ్లు పోసి నానబెడితే చాలు.

ఒంటిగంటకు పులిహోర, దద్దోజనం, పండ్లు బల్ల మీదికి తెచ్చి మూతలు తీయండి, ఎవరికి కావలసింది వారే పెట్టుకుంటారు. అట్లు తిన్న కడుపులు కనుక అరకిలో బియ్యం పులిహోర, పావుకిలో బియ్యం దద్దోజనం పదిమందికి సరిపోతాయి. ఒంటిగంటన్నరకు రెండో కాఫీ. ఇది తాగాక లేచేవాళ్లు లేస్తారు, ఉండేవాళ్లు ఉంటారు. ఎవరైనా ‘గిన్నెలు కడిగి వెళతాం’ అంటే వద్దనకండి, సింకు దగ్గర ఇద్దరు నిలబడి మాట్లాడుకునే పావుగంట కూడా పిలుపులో భాగమే.

మిగిలినవాటి సంగతి. కొబ్బరి పచ్చడి ఎండాకాలంలో మధ్యాహ్నానికే వాసన వస్తుంది కాబట్టి టిఫిన్ అయిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, సాయంత్రానికి వాడేయండి. దద్దోజనం మిగిలితే వెంటనే లోపల పెట్టి రాత్రికి తినేయాలి. పులుపు, నూనె ఉన్న పులిహోర రాత్రి దాకా బాగానే ఉంటుంది. పెసరపిండి మర్నాటి ఉదయం వరకు ఫ్రిజ్‌లో ఆగుతుంది, ఆ తర్వాత పులిసిపోతుంది. అల్లం పచ్చడి మాత్రం కావాలనే కొంచెం ఎక్కువ చేసి, చిన్న సీసాల్లో పెట్టి అడిగినవారికి ఇచ్చి పంపండి. తప్పకుండా అడుగుతారు.